ఎవలు కట్టిన పాట

క్వారీ కూలీ మొగిలి చచ్చిపోయిన నాలుగో రోజు, సోమవారం పొద్దున, సక్కుబాయి నోట ఆ పాట వచ్చింది.

హఫీజ్‌పేట స్టేషనుకు మైలు దూరంలో ఉన్న ఎర్రగుట్ట క్వారీలో పన్నెండు మంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని రైలు పట్టాల కింద పోసే కంకర కొడుతున్నారు. ఎడమచేత్తో రాయి పట్టుకోవాలి, కుడిచేత్తో సుత్తె వేయాలి, దెబ్బ పడేలోపల ఎడమచెయ్యి తప్పించాలి. మూడూ ఒక లెక్కలో జరగకపోతే వేలు పోతుంది. ఆ లెక్క తప్పకుండా ఉండటానికే వాళ్లకు పాట. మొగిలి పోయిన నాటినుంచి ఎవరికీ నోరు రాలేదు. మూడు రోజుల్లో రుక్కమ్మ బొటనవేలు చితికింది, ఇంకొకామె గోరు ఊడింది.

ఇట్లా అయితే లాభం లేదనుకుంది సక్కుబాయి. తల్లి జొన్నలు విసురుతూ తీసిన రాగం ఒకటి గొంతులో ఉంది, దాన్ని అందుకుంది. మాటలు లేవు. నాలుగు దెబ్బలు ఉత్త రాగంతోనే నడిచాయి. అయిదో దెబ్బకు మాట దానంతటదే వచ్చి కూర్చుంది.

మూడుమార్ల గంట మూగవోయెనో, ఓ మొగిలన్నా
ముందుగాల ఒక కేకన్న రాదాయెనో, ఓ మొగిలన్నా

పక్కనున్న రుక్కమ్మ సుత్తె ఒక్క క్షణం గాలిలో ఆగింది. మరుక్షణం దిగింది. 'ఓ మొగిలన్నా' అని ఆమె అందుకోగానే వరుస వరుసంతా అందుకుంది. బండకు తూట్లు పొడిచి పేలుడు మందు కూరి వత్తి ముట్టించే ముందు, వేలాడదీసిన పట్టా ముక్క మీద మూడుమార్లు కొట్టాలి. అందరూ గుట్ట వెనక్కి పోవాలి. అది క్వారీలో కట్టుబాటు. రెండు నెలల కిందట ఆ పట్టా ముక్కను మందు గది తలుపుకు అడ్డంగా పెట్టుకున్నాడు మేస్త్రీ బాలనర్సయ్య. అప్పటినుంచి గంట లేదు, మేస్త్రీ కేకే గంట. ఆ రోజు వ్యాగన్లు వచ్చి నిలబడ్డాయని, తొందరలో ఆ కేక కూడా వేయలేదు. మొగిలి బండ కిందే ఉన్నాడు. ఇది పన్నెండు మంది ఆడవాళ్లకూ, పదిహేను మంది మగవాళ్లకూ తెలుసు. తెలిసిన ఒక్కరూ నోరు విప్పలేదు. మేస్త్రీ మాత్రం విప్పాడు. మొగిలి కల్లు తాగి తూలి పడి ఉన్నాడని కాగితం రాయించాడు.

రెండో చరణం మధ్యాహ్నానికి వచ్చింది.

కల్లు తాగినవని కాయిదం రాసిరో, ఓ మొగిలన్నా
ఆ పొద్దు నువు తాగింది అంబలేనాయెనో, ఓ మొగిలన్నా

పాట వింటూ బాలనర్సయ్య వచ్చాడు. చేతికర్రతో కంకర కుప్పను కదిలించాడు.

"ఎవలే గీ పాట కట్టింది?"

సుత్తెలు ఆగలేదు. ముసలి రుక్కమ్మ తలెత్తకుండా చెప్పింది. "పెద్దలు కట్టిన పాట మేస్త్రీ. మా అవ్వ పాడేది."

"మీ అవ్వకు మొగిలి ఎర్కనా?"

"మొగిలి అన్న పేరు ఈ ఒక్కడికేనా ఉన్నది? పెద్దలు కట్టిండ్రు, మేం పాడుతున్నం."

అబద్ధమే, కానీ వాళ్లకు అలవాటైన అబద్ధం. ఎవరు ఏ పాట కట్టినా 'నేను కట్టిన' అనడం ఆ ఆడవాళ్లలో లేదు. అంటే గొంతుకు దిష్టి తగులుతుందని భయం. పాట కట్టిన మనిషి కూడా నలుగురితో కలిసి 'పెద్దలది' అనేస్తుంది. సక్కుబాయి ఇప్పటికి ఇరవై పాటలకు పైగా కట్టి, అన్నిటినీ పెద్దలకే ఇచ్చేసింది. ఎన్నడూ బాధపడలేదు. ఆ రోజు మాత్రం రుక్కమ్మ 'మా అవ్వ పాడేది' అన్నప్పుడు లోపల ఎక్కడో చురుక్కుమంది.

మేస్త్రీ కర్రను చంకలో పెట్టుకున్నాడు. "బేస్తారం నాడు పెద్ద ఇన్‌స్పెక్టర్ వస్తున్నడు. ఆ దినం గీ పాట వినవడొద్దు" అని చెప్పి పోయాడు.

బేస్తవారం మాటే అందరినీ తినేస్తోంది. ఇన్‌స్పెక్టరు వచ్చి చావు ఎవరి తప్పో తేల్చి రాస్తాడు. మొగిలి తప్పని రాస్తే అతని భార్య కనకలక్ష్మి గుడిసె ఖాళీ చేసి పోవాలి. క్వారీ తప్పని రాస్తే ఆమెకు గుడిసె ఉంటుంది, పని ఉంటుంది. కనకలక్ష్మికి తల్లిగారి ఇల్లు లేదు. నాలుగు రోజులుగా గుడిసె గుంజకు ఆనుకుని కూర్చుంది, ఏడవడం కూడా మానేసింది. ఆమె వైపు చూడటానికి సక్కుబాయికి సిగ్గుగా ఉంది. ఆ పొద్దు మొగిలి అంబలి తాగుతుంటే పక్కన నిలబడి చూసింది తనే. పాటలో చెప్పగలిగింది, మనుషుల ముందు చెప్పలేకపోయింది.

మంగళవారం పొద్దు వాలుతుండగా లింగమూర్తి పంతులు వచ్చాడు. హఫీజ్‌పేట బడిలో చదువు చెబుతాడు, కథలు రాసి పట్నంలోని వారపత్రికకు పంపుతాడు, సెలవు దొరికితే చాలు నోటుబుక్కు పట్టుకుని పాటలు రాసుకుంటూ తిరుగుతాడు. మియాపూర్‌లో నాట్ల పాటలు, నార్సింగిలో దంపుడు పాటలు అన్నీ ఆ బుక్కులోకి ఎక్కాయి. మనిషి మంచివాడు. కాకపోతే మంచి మాట ఏదైనా దొరికితే దాన్ని కడుపులో దాచుకోలేడు.

సక్కుబాయి తట్ట బోర్లించి అతనికి వేసింది. తను గుడిసె ముందు కూర్చుని సుత్తె కట్టెకు కొత్త పీలిక చుడుతోంది.

"కొత్త పాటొకటి పాడుతున్నరంట గదా. చెప్పు, రాసుకుంట" అన్నాడు పంతులు.

చెప్పింది. అతను రాసుకుని, రాసింది తనలో తను చదువుకుని పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

"ఇది ఎవలు కట్టిండ్రు?"

"పెద్దలు."

"రాగం పాతదే. మియాపూర్‌ల విన్న. 'ఓ అన్నా' అని పిలిచుడు గుడ పాతదే. మరి అంబలి మాట ఎవలిది?"

సక్కుబాయి పీలికను లాగి ముడి వేసింది. "అంబలి నేను చూసిన" అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

పంతులు కళ్లు మెరిశాయి. "నాకు తెలుసు. నువ్వే కట్టినవు."

ఆమెకు ఎవరో తన చేతిలో వెచ్చటి రొట్టె పెట్టినట్టు ఉంది. ముప్పై ఏళ్ల బతుకులో 'నువ్వే కట్టినవు' అన్న మొదటి మనిషి ఇతనే. సంతోషం వేసింది, వెంటనే భయం వేసింది.

"ఎవలకు చెప్పకు పంతులూ. జర నీ కాళ్లు మొక్కుత."

"ఛ, నేనెందుకు చెప్త" అంటూ నోటుబుక్కులో తేదీ వేసి, కింద ఆమె పేరు రాశాడు. చదువు రాని సక్కుబాయికి ఆ రాసింది ఏమిటో తెలియలేదు.

"నేనొక కథ రాస్తున్న" అన్నాడు తర్వాత. "నూరేండ్ల తర్వాతి ముచ్చట. ఇంగ్లీషు పత్రికల చదివిన, అవుతల దేశంల ఇల్లంత మిషిను చేసిండ్రంట, లెక్కలు చేస్తదంట. నా కథల ఆ మిషిను పాటలు గుడ కడ్తది. గీ గుట్ట మీదనే అద్దాల మేడ, అండ్ల మిషిను."

"గుట్ట మీదనా?" సక్కుబాయి నవ్వింది, నాలుగైదు రోజుల్లో అదే మొదటిసారి. "నూరేండ్ల దాంక మేం గుట్టనెక్కడ ఉండనిస్తం, కంకర గొట్టి అవుతలకు పంపమా?"

పంతులూ నవ్వాడు. "లోకంల ఉన్న పాటలన్ని దాంట్లె పోస్తరు. అడిగితే ఒక పాట ఇస్తది. నా కథల ఇద్దరు కొట్లాడుకుంటరు. మిషిను పాట కట్టిందని ఒకడంటడు. కట్టుడేంది, పోసిన దాంట్లకెళ్లి తీసిచ్చింది అంతేనని ఇంకొకడంటడు. ఎవడు గెలవాల్నో నాకు తెలుస్తలేదు, అందుకే కథ ఆగింది."

సక్కుబాయి సుత్తెను అటూ ఇటూ ఊపి పట్టు చూసింది. ఆమెకు అది వేళాకోళంలా అనిపించలేదు.

"నాకు గుడ పోసిందే గదా పంతులూ. రాగం నన్ను కన్న అవ్వది. పిలుపు మా అమ్మమ్మది. నాదేమున్నది?" సుత్తెను ఒళ్లో పెట్టుకుంది. "ఒకటి చెప్పు. ఆ మిషిను పాడిన పాటకు దొరకు కోపమొస్తే ఎవల్ని ఎల్లగొడ్తడు?"

"మిషిన్ను ఎల్లగొట్టుడేంది?"

"అట్లయితే దానికి భయం లేదు. అంబలి అన్న మాట ఉంచాల్నా తియ్యాల్నా అని నేను పొద్దంత పరేషానైన. తీసేస్తే బతికిపోత. ఉంచితే పోత. తియ్యబుద్ధి గాలే. నీ మిషిను ఎట్ల ఉంచుతది, ఎట్ల తీస్తది?"

పంతులు నోటుబుక్కు మూసి లేచాడు.

బుధవారం మధ్యాహ్నం ఆమె సుత్తె దించబోతుంటే రాయి మీద కర్ర వచ్చి అడ్డం పడింది. తలెత్తితే బాలనర్సయ్య.

"పాట నువ్వే కట్టినవంట."

సక్కుబాయి సుత్తె పక్కన పెట్టింది. "ఎవలు చెప్పిండ్రు?"

"స్టేషన్ల మీ పంతులు. కూలోళ్లకు కట్టుడు చాతగాదు, విన్నదే మళ్ల పాడుతరని స్టేషన్ మాస్టర్ అన్నడు. ఎట్ల చాతగాదని మీ పంతులుకు రోషమొచ్చింది. బుక్కు దెరిచి పేరు, తారీకు చూపెట్టిండు. వ్యాగన్ల కోసం పోయి నేనక్కడనే ఉన్న." మేస్త్రీ గొంతుక్కూర్చున్నాడు. అరవలేదు, అరిస్తేనే బాగుండేది. "నేను కేకేయలేదు, నాకెర్కనే. రాత్రంత కండ్లు మూతవడ్తలేవు. కాని నా ఇంట్ల ఏడుగురు తినెటోళ్లు. రేపు ఇన్‌స్పెక్టర్ అడిగితే పాత పాట అను. పాత పాటంటే అది సాక్ష్యం గాదు. నువ్వే కట్టినవంటే, ఏం చూసి కట్టినవని అడుగుతడు. అప్పుడు నువ్వు, నీ మొగడు ఐలయ్య ఇద్దరు నడువుండ్రి. ఈ లైను మీద ఏ క్వారీల గుడ మీకు పని దొరకనియ్య."

సాయంత్రం ఐలయ్య అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. మందు తూట్లు పొడిచే పని అతనిది. అరచేతులు కాయలు కట్టి చెక్కలా ఉంటాయి.

"పాతదే అనరాదే. ఒక్క మాట. ఇన్నేండ్ల సంది అంటున్న మాటనే గదా" అన్నాడు.

అది నిజమే. ఆమె చెంబుతో నీళ్లు ముంచి అతని ముందు పెట్టింది.

పంతులు కూడా వచ్చాడు, గుడిసె దాకా రాలేక దూరంగా నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది. "తప్పయింది సక్కుబాయీ. నిన్ను చిన్నజేస్తుంటే ఓర్వలేక అన్న. రేపు నేను గుడ వస్త. పాత పాటనే, నేను ఊరూరు విన్న అని చెప్త. నీకేం గానియ్య."

ఆమెకు తిట్టాలని ఉంది. కానీ తిట్టడానికి అతని మొహమే అడ్డం వచ్చింది. "సరే" అని లోపలికి పోయింది. మేస్త్రీ, మొగుడు, పంతులు ముగ్గురూ ఒకే మాట మీద నిలబడ్డారు. పెద్దలు కూడా అదే మాట మీద ఉన్నారు. ఇక తను ఒక్కతే.

బేస్తవారం పొద్దున ఆడవాళ్లు పనికి వచ్చేసరికి వేపచెట్టు కొమ్మకు కొత్త ఇత్తడి గంట వేలాడుతోంది. కొత్త తాడు, కొత్త మెరుపు. బాలనర్సయ్య తెల్లవారకముందే ఎవరితోనో కట్టించినట్టున్నాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎవరి కుప్ప దగ్గర వాళ్లు కూర్చున్నారు. సక్కుబాయి కుప్ప చెట్టు కిందే. రాయి పట్టుకుంటూ పైకి చూసింది. గంట లోపల నాలుక చుట్టూ దుకాణపు కాయితం చుట్టి, పురికొసతో కట్టి ఉంది. తొందరలో విప్పనే లేదు. ఆమె చూపు దించుకుని సుత్తె వేసింది.

ఎండ ముదిరే వేళకు పట్టాల మీద ట్రాలీలో వచ్చి ఇన్‌స్పెక్టరు దిగాడు. నవాబు రాజ్యం పోయి ప్రభుత్వం మారాక బెజవాడ వైపు నుంచి వచ్చిన మనిషి, సన్నటి కళ్లద్దాలు. మందు గది చూశాడు, మొగిలి పడిన చోటు చూశాడు.

"పేల్చే ముందు గంట కొడతారా?"

"కొట్టకుంట ఎట్ల సారూ, అదిగో" అని బాలనర్సయ్య చెట్టు చూపించాడు. "ఎప్పటిసంది ఆడనే ఉన్నది."

ఇన్‌స్పెక్టరు దూరం నుంచే చూసి రాసుకున్నాడు. మగవాళ్లను వరుసగా అడిగాడు. ఒకరి తర్వాత ఒకరు నేల చూశారు. ఐలయ్యా నేలే చూశాడు. కనకలక్ష్మి గుడిసె నుంచి లేచి వచ్చి ఆడవాళ్ల వెనక నిలబడింది.

"మొగిలి మీద ఏదో పాట ఉందటగా. వ్యాగన్ల దగ్గర కూలీలు పాడుతుంటే నేనే విన్నాను. ఎవరు కట్టారు?"

లింగమూర్తి ముందుకు వచ్చాడు. నోటుబుక్కు తేలేదు. "పాత పాటండి. మియాపూర్, నార్సింగి, చాలా ఊళ్లలో విన్నాను. ఎప్పటి మొగిలో వాడు."

"స్టేషన్లో మీరు ఇంకోలా చెప్పారటగా మాస్టారూ."

"పొరపడ్డానండి." పంతులు సక్కుబాయి వైపు చూడలేదు. "వీళ్లకు కట్టడం తెలియదండి. విన్నది గుర్తుంచుకుని మళ్లీ పాడతారు. ఈమె కూడా అంతే."

తనను కాపాడటానికే అంటున్నాడని ఆమెకు తెలుసు. తెలిసినా చెంప మీద కొట్టినట్టే అయింది. మొన్న చేతిలో పెట్టిన రొట్టెను అందరి ముందు లాక్కున్నట్టయింది. ఇన్‌స్పెక్టరు తల ఊపి ఏదో రాశాడు, కలం మూత పెట్టబోయాడు. కనకలక్ష్మి సక్కుబాయి వైపు చూసి, గుడిసె వైపు తిరిగి, ఏం సర్దుకోవాలో లెక్క చూసుకుంటున్నట్టు నిలబడింది. ఆ చూపు సక్కుబాయి భరించలేకపోయింది.

"సారూ, ఒక్కమారు పాడనా? పాత పాటనే గదా" అంది.

బాలనర్సయ్య అడ్డు చెప్పలేదు. పాత పాట అని కాగితం మీదికి ఎక్కాక ఆ రెండు చరణాలు ఇక ఏం చేస్తాయి? ఇన్‌స్పెక్టరు కూడా "కానీ" అన్నాడు.

ఆమె సుత్తె తీసుకుంది. అది లేకుండా పాట రాదు. రాయి పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది. గంట మూగవోయిన చరణం పాడింది. అంబలి చరణం పాడింది. వరుసలో ఒక్కరూ అందుకోలేదు. తర్వాత ఉత్త సుత్తె నాలుగు దెబ్బలు వేసింది. పాట అయిపోయిందని ఇన్‌స్పెక్టరు కదలబోయాడు. అయిదో దెబ్బకు ఆమె గొంతు లేచింది.

నేటి పొద్దుగాల వేపకు గంట గాసెనో, ఓ మొగిలన్నా
నాలుక్కు జుట్టిన కాయిదం ఇప్పనన్న లేదాయెనో, ఓ మొగిలన్నా

మగవాళ్ల వైపు నుంచి ఒక బొంగురు గొంతు 'ఓ మొగిలన్నా' అంది. అది ఐలయ్యది. తల ఇంకా నేలకే వాలి ఉంది, కానీ గొంతు గట్టిగానే వచ్చింది. వెంట రుక్కమ్మ అందుకుంది. తర్వాత వరుసంతా అందుకుంది.

ఇన్‌స్పెక్టరు చెట్టు కిందికి నడిచాడు. తాడును వేళ్లతో తడిమాడు, గంట లోపలికి చూశాడు. "కొట్టు" అన్నాడు మేస్త్రీతో.

బాలనర్సయ్య తాడు లాగాడు. కాయితం మీద ఇత్తడి తగిలి, తలుపు మీద చేత్తో తట్టినట్టు 'టప్' అంది. ఎప్పటినుంచో ఉందన్న గంట అంతకంటే మాట్లాడలేదు.

ఇన్‌స్పెక్టరు పురికొస విప్పి, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "ఈ చరణం ఎవరు కట్టారమ్మా?"

"పెద్దలు కట్టిండ్రు సారూ" అంది రుక్కమ్మ గబగబా. అలవాటుతో కాదు, సక్కుబాయిని కాపాడుకోవాలని.

"కాదు" అంది సక్కుబాయి. సుత్తె కింద పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నేను కట్టిన. ఇప్పుడే కట్టిన. ముందటి రెండు గుడ నేనే కట్టిన. అంబలి తాగంగ చూసిన. కేక ఇనలే. రాసుకో, సక్కుబాయి."

ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు. వెనకటి మాట కొట్టేసి కొత్త మాట రాశాడు. ఒకరు చెప్పాక ఇంకొకరు చెప్పడం తేలికే. సాయంత్రం లోపల ఆరుగురు వేలిముద్రలు వేశారు, మొదటి ముద్ర ఐలయ్యది.

తప్పు క్వారీదేనని తేలింది. కనకలక్ష్మికి గుడిసె ఉండిపోయింది. గంట కొట్టడానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలని, ఆ పని ఆమెకే ఇవ్వాలని ఇన్‌స్పెక్టరు రాసి పోయాడు. సక్కుబాయి గురించి ఆ కాగితంలో ఏమీ లేదు. పాట కట్టిన మనిషిని ఉంచాలా పంపాలా అన్నది క్వారీ నడిపే గుత్తెదారు ఇష్టం. శుక్రవారం పొద్దున గుత్తెదారు మనిషి వచ్చి గుడిసె ఖాళీ చేయమన్నాడు. ఎవరూ గొడవ పెట్టుకోలేదు. రుక్కమ్మ మాత్రం చితికిన వేలితోనే వాళ్ల చాప చుట్టి తాడు కట్టి ఇచ్చింది.

తట్టలో గిన్నెలు, పైన రెండు సుత్తెలు. ఐలయ్య ముందు, సక్కుబాయి వెనక, పట్టాల పక్కన లింగంపల్లి వైపు నడుస్తున్నారు. పంతులు పరుగున వచ్చి కలిశాడు.

"నా మూలంగనే..."

"నీ మూలంగ కాదు పంతులూ. నేను అన్న, నేను పోతున్న. ఊకో." ఆమె తట్ట సవరించుకుంది. "వీళ్లకు కట్టుడు తెల్వదన్నవు సూడు, గదే జర మనసుల వడ్డది."

లింగమూర్తి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. నాలుగు అడుగులు కలిసి నడిచాడు.

"ఆ కథ ఇంక కాలేదు" అన్నాడు చివరికి. "మిషిను పాట కట్టిందని రాయాల్నా, తీసిచ్చిందని రాయాల్నా?"

సక్కుబాయి ఆలోచించింది. "అది గుడ ఒక పాట పాడి, ఆ పాటకు దాన్ని గుడిసెల నుంచి ఎల్లగొట్టిన నాడు, కట్టిందని రాయి. గంతదాంక తీసిచ్చిందనే రాయి."

వెనక గుట్ట దగ్గర గంట మోగింది. ఐలయ్య ఆగాడు. ముగ్గురూ ఆగారు. ఒకటి. రెండు. కనకలక్ష్మి చేతికి ఇంకా అలవాటు కాలేదు, మూడోది ఆలస్యంగా పడింది. సక్కుబాయి మూడూ లెక్కపెట్టుకుంది. కాసేపటికి బండ పేలింది. దుమ్ము లేచి చెట్ల మీదుగా పోయింది. వాళ్లు మళ్లీ నడిచారు.